పాత ల్యాప్‌టాపునకు క్రొత్త స్మృతి

పది పండ్రెండేండ్ల నాటి ల్యాప్‌టాపును ఇంట మూలబెట్టినవారు పెక్కురు గలరు. మీట నొక్కిన పిమ్మట తెర సిద్ధమగుటకు నాలుగు నిమిషములు, పత్రము తెరచుటకు మఱియొక నిమిషము. దానికి వార్ధక్యము వచ్చినదని గృహస్థు నిశ్చయించి పాతసామానులవానికి అమ్మజూచును. చదువుకొను బిడ్డ యున్న యింట నిది చిన్న నష్టము గాదు. ఏలననగా, పెక్కు తావుల ముసలితనము యంత్రమంతటికిని రాలేదు. అందలి హార్డు డిస్కునకు మాత్రమే వచ్చినది.

ఆ డిస్కు పుట్టుక అమెరికాలో. 1956 సెప్టెంబరులో ఐ.బి.యం. సంస్థవారు రామాక్ అను గణకయంత్రమును ప్రకటించిరి. దాని డిస్కు పేటికలో 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెరములు నిమిషమునకు 1200 మారులు తిరుగుచుండెను. అన్నిటికిని కలిపి ఒకటే చేయి. అది పైకి క్రిందికి ప్రాకి, కావలసిన పళ్లెరము కడ లోనికి చొచ్చి చదువవలెను. పేటిక బరువు ఇంచుమించు ఒక టన్ను. అందు నిలిచినవి 50 లక్షల అక్షరములు. ఫోనుతో దీసిన యొక్క ఫొటోకు నేడు అంతకంటె నెక్కువ చోటు పట్టుట కద్దు.

తరువాత పేటిక కుదించుకొని పోయెను. 1988 నాటికి ల్యాప్‌టాపునకు దగిన రెండున్నర అంగుళముల డిస్కు వచ్చినది. పరిమాణము మారెనే గాని పద్ధతి మారలేదు. నిమిషమునకు 5400 మారులు తిరుగు పళ్లెమునకు ఒక్క చుట్టునకు సెకండులో వేయింట పదునొకండు వంతులు పట్టును. చేయి కదలుటయు, పళ్లెము తిరిగి వచ్చుటయు కలిపినచో, చెదరియున్న యొక్కొక్క తునుకకు ఇంచుమించు సెకండులో అఱువదవ వంతు వ్యర్థము. యంత్రము మేల్కొనుటకు అట్టి తునుకలు వేలకొలది కావలయును. తాటియాకుల కట్ట విప్పి, ఒక్కొక్క పదమునకై మొదటినుండి ఆకులు త్రిప్పువాని యవస్థ యిది.

ఈ త్రిప్పుట తప్పించినవాడు జపానులోని తోషీబా సంస్థలో పనిచేసిన ఫూజియో మసువొకా. ఫ్లాష్ అను స్మృతిని ఆయన 1984లోను, దానిలో నాండ్ అను భేదమును 1987లోను పండితులకు దెలిపెను. ఇందు పళ్లెము లేదు, చేయి లేదు. సిలికాను గదులలో బంధింపబడిన విద్యుత్కణములే అక్షరములు. ఇంత చేసినవాడు తగిన ప్రతిఫలమునకై 2004లో తన పూర్వపు సంస్థపైననే వ్యాజ్యము వేయవలసి వచ్చెను. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్నులకు రాజీ కుదిరినది. ప్రపంచమంతయు జేబులో మోయుచున్న వస్తువునకు అది యేపాటి వెల?

1991లో సన్‌డిస్క్ వారు 20 మెగాబైట్ల ఫ్లాష్ డ్రైవును ఐ.బి.యం. కొరకు జేసిరి, వెల ఇంచుమించు వేయి డాలర్లు. 2008లో ఇంటెల్ వారి 80 గిగాబైట్లది 595 డాలర్లకు వచ్చెను. పిమ్మట వెల దిగి సామాన్యుల కందినది. దీనినే ఎస్.ఎస్.డి. యందురు. ఇందు నడచునది లేకున్నను డ్రైవనుట వ్యాకర్తకు వింతగా దోచదు. యోగార్థము పోయి రూఢి నిలిచినది.

ఇక పొందిక మాట. దుకాణమున మెఱయు ప్రతి ఎస్.ఎస్.డి.యు ప్రతి యంత్రమునకు గుదురదు. 2011 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్‌220ను జూడుడు. అడుగున నొక్క మరమేకు విప్పి ప్రక్కమూత దీసిన డిస్కు బయటికి వచ్చును. కాని ఆ అరలో 7 మిల్లీమీటర్ల దళసరి గలదియే పట్టును, 9.5 గలది దూరదు. అది సాటా అను సంధానమును మాత్రమే యెఱుగును. ఎన్.వి.ఎం.ఇ. అను క్రొత్త పద్ధతి 2011లోనే వెలువడినను, ఆ కాలపు యంత్రములలో దానికి జోటు లేదు. కావున మిక్కిలి వేగము గలదని దానిని గొన్నవాని డబ్బు వ్యర్థము. చిన్న ఎమ్.2 పలకలలో సాటావియు, ఎన్.వి.ఎం.ఇ.వియు రెండును గలవు. రూపము జూచి మోసపోరాదు. సాటాలో మాత్రము పాతక్రొత్తలకు వైరము లేదు. 6 గిగాబిట్ల డ్రైవు 3 గిగాబిట్ల యంత్రమున తగ్గిన వేగముతో నడచును, అయినను వెదకులాట పోవును గనుక మేలు స్పష్టముగా గానవచ్చును. అంతకు పూర్వపు 44 సూదుల సంధానము గల యంత్రములకు ఇది సూటిగా దగులదు.

మరమేకు ముట్టకముందే పాత డిస్కులోని విషయమంతయు మఱియొక చోటికి నకలు దీయవలెను. ఈ పని పిమ్మట జేయుదమనువారిపై నాకు నమ్మకము లేదు. యు.ఎస్.బి. తీగెతో క్రొత్త డ్రైవును తగిలించి ఉన్నదున్నట్లు ప్రతి యెత్తవచ్చును, లేదా వ్యవస్థను క్రొత్తగా స్థాపింపవచ్చును. విండోస్ 10నకు 2025 అక్టోబరు 14తో సాధారణ పోషణ ముగిసినది. విండోస్ 11 ఈ వయసు యంత్రములను అంగీకరింపదు. కావున లైనక్సు మేలు.

తీసివేసిన పాత డిస్కును మాత్రము పాఱవేయకుడు. విద్యుత్తు తగులక ఏండ్లకొలది పడియున్న ఎస్.ఎస్.డి. గదులలోని కణములు మెల్లగా జారిపోవచ్చును. ఆ పళ్లెముపై గీయబడిన అయస్కాంతలిపి అంత త్వరగా జెఱుగదు.