కాయగూరలు కడిగిన నీళ్ళ కథ

కూరగాయలను వండేముందు కడగాలన్న నియమం మనకు కొత్తది కాదు. కత్తిపీట ముందు కూర్చోవడానికి ముందే వంకాయలు, దొండకాయలు నీళ్ళలో మునిగి లేవాలి. బెండకాయలైతే కడిగి, తుడిచి, తడి ఆరేదాకా గుడ్డమీద పరచాలి. లేకుంటే జిగురు సాగుతుంది. తరిగిన తరువాత కడిగితే కూరలో సారం పోతుందని పెద్దలు హెచ్చరించేవారు. ఆ హెచ్చరికలో శాస్త్రమున్నది. సి విటమిను, బి విటమినులు నీటిలో కరిగేవి; తరిగిన ముక్కల నుండి అవి సులభంగా నీటిలోకి జారిపోతాయి.

అయితే ఆ కడగడం మట్టికోసం, ఇసుకకోసం, ఆకుమడతల్లో దాగిన పురుగుకోసం. కంటికి కనిపించేది పోతే పని పూర్తయినట్టే. కంటికి కనిపించని దానిని పోగొట్టడానికి కడగడమన్నది వేరొక చరిత్ర. దాని వయస్సు ఇంచుమించు నూటనలభై ఏళ్ళు. “ఎంత కడిగితే చాలు?” అని నేడు మనల్ని వేధిస్తున్న ప్రశ్న ఆ చరిత్రలో పుట్టినదే. కనిపించే మట్టికి హద్దు ఉన్నది గాని, కనిపించని భయానికి హద్దు ఎక్కడ?

ఆ భయాలలో మొదటిది కలరా. 1854లో లండన్ నగరంలో జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు చుట్టూ మరణాలు గుమిగూడి ఉండటాన్ని గమనించి, వ్యాధి నీటి ద్వారా వస్తున్నదని వాదించాడు. ముప్పై ఏళ్ళ తరువాత, 1884లో, జర్మను శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ కలకత్తాలో పరిశోధన చేస్తూ కామా ఆకారంలో ఉన్న సూక్ష్మజీవియే ఆ వ్యాధికి కారణమని ప్రకటించాడు. అక్కడి చెరువు నీటిలోనూ అది ఆయనకు కనిపించింది. నీటిలో ఉన్నది ఆ నీటితో తడిసిన ఆకుకూరపైన ఎందుకుండదు? ఈ ప్రశ్న ఈ దేశంలో ఉన్న ఆంగ్లేయుల వంటిళ్ళను వణికించింది.

దానికి వారు కనుగొన్న సమాధానం పొటాషియం పర్మాంగనేట్. ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా పనిచేసిన హాంకిన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1890ల దశకంలో కలరా సోకిన ఊళ్ళ బావులలో ఈ స్ఫటికాలను వేయించాడు. బావి నీరు గులాబిరంగుకు తిరిగేది. అదే రంగు నీరు దొరల వంటిళ్ళలో పళ్ళేలకూ చేరింది. సలాడు ఆకులను, టమాటాలను, ద్రాక్షలను ఆ నీటిలో నానబెట్టనిదే బల్లమీదికి రానిచ్చేవారు కారు. ఇంగ్లీషు మాటకు హిందుస్తానీ మాటను అంటుగట్టి దానికి “పింకీ పానీ” అని పేరు పెట్టుకున్నారు.

గులాబినీరు పనిచేసే తీరును కొంచెం ఆగి చూడాలి. పర్మాంగనేట్ తనకు తగిలిన సేంద్రియ పదార్థాన్నల్లా ఆక్సీకరణం చేస్తుంది. సూక్ష్మజీవి దానికి ఎంతో, మట్టి, ఆకుముక్క, కుళ్ళు కూడా అంతే. బురద అంటిన కూరను అందులో వేస్తే దాని శక్తి అంతా బురదమీదనే ఖర్చయిపోతుంది. నీరు గోధుమరంగుకు తిరుగుతుంది. రంగు మారిందంటే మందు అయిపోయిందని అర్థం. అంటే ముందు మామూలు నీటితో శుభ్రంగా కడగకుండా మందునీటిలో ముంచడం వలన ప్రయోజనం స్వల్పం. ఆ తరువాత వచ్చిన క్లోరినుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎన్ని మందులు వచ్చినా మొదటి పని నీటిదే, చేతిదే.

రెండవ భయం సూక్ష్మజీవి వలన కలిగినది కాదు. రైతు పొలంలో చల్లిన మందు వలన కలిగినది. దాని కథ అమెరికా ఆపిలు తోటలలో మొదలవుతుంది. 1892లో మసాచుసెట్స్ రాష్ట్రంలో చెట్ల ఆకులను తినివేసే ఒక చిమ్మటపై ప్రయోగించడానికి లెడ్ ఆర్సెనేట్ అనే మందును తయారుచేశారు. ఒకవైపు సీసం, మరొకవైపు మన పెద్దలు పాషాణమని పిలిచిన ఆర్సెనిక్. రెండూ విషాలే. ఆపిలు కాయను తొలిచే పురుగుకు అది తగిన మందని తేలడంతో తోటలన్నిటా దానిని చల్లసాగారు. ఆకుకు గట్టిగా అంటుకొని వానకు కూడా ఊడిపోకపోవడం దాని సుగుణంగా చెప్పుకున్నారు. వానకు పోనిది కాయను మామూలుగా కడిగితే మాత్రం పోతుందా?

ఈ సంగతి బయటపడటానికి ఇంగ్లండు కారణమయింది. ఆ దేశానికి ఆర్సెనిక్‌తో ఒక చేదు అనుభవం ఉన్నది. 1900లో మాంచెస్టరు పరిసరాలలో బీరు తాగినవారు వేలమంది జబ్బుపడ్డారు. పదుల సంఖ్యలో మరణించారు. బీరు తయారీలో వాడిన చక్కెరలో ఆర్సెనిక్ కలిసిందని తేలింది. లార్డ్ కెల్విన్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషను 1903లో ఆహారంలో ఆర్సెనిక్‌కు ఒక పరిమితిని సూచించింది: పౌను బరువుకు ఒక గ్రెయినులో నూరవ వంతు. 1925లో లండనుకు దిగుమతి అయిన అమెరికా ఆపిళ్ళపై ఆ పరిమితికి మించి ఆర్సెనిక్ కనిపించింది. దిగుమతులు ఆపివేస్తామని బ్రిటన్ హెచ్చరించింది.

అప్పుడుగాని అమెరికాలో పండ్లను కడగడం ఒక పరిశ్రమగా మారలేదు. గుడ్డతో తుడిచి చూశారు, కుంచెలతో రుద్ది చూశారు, చాలలేదు. చివరకు 1920ల ఉత్తరార్ధంలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆపిళ్ళను దొర్లించి, ఆపై మంచినీటితో కడిగే యంత్రాలు వచ్చాయి. ఆమ్లంలో లెడ్ ఆర్సెనేట్ కరుగుతుంది కనుక ఫలితం కనిపించింది. కాని ఇక్కడొక చేదు నిజం ఉన్నది. విదేశానికి వెళ్ళే పండుకు ఇంగ్లండు పరిమితి. స్వదేశంలో అమ్మే పండుకు అంతకంటె సడలించిన పరిమితి. ఆ సంగతిని కూడా ప్రభుత్వం ప్రజలకు చాటి చెప్పలేదు. స్వదేశపు పరిమితిని దానితో సమానం చేయడానికి మరికొన్నేళ్ళు పట్టింది. 1933లో కాలెట్, ష్లింక్ అనే ఇద్దరు రచయితలు అమెరికా ప్రజలను పదికోట్ల గినీ పందులుగా వర్ణిస్తూ పుస్తకం వెలువరించినప్పుడు ఆపిళ్ళపై ఉన్న ఈ విషం కూడా అందులో చేరింది. తోటలో రైతు చల్లిన దానిని, కార్యాలయంలో అధికారి దాచిన దానిని ఇంటి ఇల్లాలు పంపు కింద కడిగి పోగొట్టుకోవలసి వచ్చింది. ఈ చరిత్ర అంతటిలో పదే పదే కనిపించే అన్యాయం ఇదే.

తరువాత డీడీటీ వచ్చింది. దాని కీటకనాశక గుణాన్ని 1939లో కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించింది. 1962లో రేచెల్ కార్సన్ “సైలెంట్ స్ప్రింగ్” గ్రంథంతో లోకం కళ్ళు తెరిపించింది. డీడీటీ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాయపై ఉండే సహజమైన మైనపు పొరలో ఇమిడిపోతుంది. ఆ పిదప వచ్చినవాటిలో కొన్ని మరొక అడుగు ముందుకు వేశాయి. మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్ వంటివి మొక్క రసంలోనే ప్రవహిస్తాయి. రసం పీల్చే పురుగును చంపడానికి అదే మార్గం. రసంలో ఉన్న మందును పైన పోసిన నీరు ఎలా కడుగుతుంది? మన దేశంలో 2005లో కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని నిషేధించారు. అటువంటి మందు విషయంలో ఇంటి కుళాయి చేయలేని పనిని చట్టమే చేయాలి.

అలాగని కుళాయిని తక్కువ చేయరాదు. 2000లో అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రం 12 రకాల మందులను పరీక్షించి, ధారగా పారే నీటిలో కడిగినప్పుడు వాటిలో తొమ్మిదింటి అవశేషాలు తగ్గుతాయని తేల్చింది. మందు నీటిలో కరుగుతుందా లేదా అన్నది అంత ముఖ్యం కాదట. నీటిధార, రాపిడి కలిసి దానిని ఊడగొడతాయి. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు వంటసోడా కలిపిన నీటిలో ఆపిళ్ళను 12 నుండి 15 నిమిషాలు ఉంచితే, తాము పరీక్షించిన రెండు మందులూ పైతొక్క నుండి పోతాయని చూపారు. అయితే ఒక మందులో అయిదో వంతు అప్పటికే తొక్కలోకి ఇంకిపోయి ఉన్నది. దానిని ఏ సోడా తీయలేదు. తొక్క తీస్తే అది పోతుంది; దానితోపాటు తొక్కలోని పీచు, పోషకాలూ పోతాయి.

మొదటి భయమైన సూక్ష్మజీవి కూడా తిరిగి వచ్చింది. 2006లో అమెరికాలో సంచులలో అమ్మే పాలకూర తిని సుమారు రెండువందల మంది జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు. అది ఇంట్లో కడగవలసిన పని లేకుండా కర్మాగారంలోనే కడిగి అమ్మిన ఆకు. 2011లో కొలరాడో రాష్ట్రపు ఖర్బూజాల వలన 33 మంది మరణించారు. ఆ కాయలను శుభ్రపరచిన యంత్రం లోగడ బంగాళాదుంపలకు వాడినది. సరిగ్గా శుభ్రం చేయడానికి అనువైనది కాదు. కత్తి తొక్కను కోసినప్పుడు పైనున్నది లోపలి గుజ్జులోకి దిగుతుంది. అందుకే తొక్క పారవేసే కాయనైనా కోయకముందే కడగాలంటారు. ఒకే తొట్టినీటిలో అన్నిటినీ ముంచితే, ఒక చెడ్డ ఆకు మురికి మిగిలిన వాటన్నిటికీ అంటుతుంది. సాధారణంగా నీటితో కడిగినందువలన సూక్ష్మజీవులలో నూటికి తొంభై నుండి తొంభైతొమ్మిది పోతాయి. మిగిలినవి ఆకు రంధ్రాలలో, కోసిన అంచులలో దాక్కుంటాయి. వాటిని నమ్మకంగా చంపేది నిప్పొక్కటే.

ఈ మాట హైదరాబాదు వాసులకు మరీ ముఖ్యం. నగరపు మురుగును మోసుకుపోయే మూసీ నీటితో దిగువన వరి, పశుగ్రాసం, ఆకుకూరలు పండటం ఎందరో పరిశోధకులు పరిశీలించిన విషయమే. తోటకూరను ఉడికించి తింటాము గనుక సూక్ష్మజీవులనుండి, ఏలికపాముల గుడ్లనుండి రక్షణ కలుగుతుంది. కొత్తిమీర, పుదీనా మాత్రం పచ్చిగానే పళ్ళెంలోకి వస్తాయి. ఇక మురుగు ద్వారా మొక్క లోపలికి చేరిన లోహాలను నీరూ కడగలేదు, నిప్పూ కాల్చలేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు అనుమానం తాగునీటితోపాటు కూరగాయలపైనున్న పురుగుమందులమీదికీ పోయింది. ఆ ఏడాదే కరోనా భయంతో సబ్బునురుగులో టమాటాలను కడిగిన ఇళ్ళున్నాయి. కాయ తొక్కలోని సన్నని రంధ్రాలు సబ్బును పీల్చుకుంటాయి. సబ్బు తినే పదార్థం కాదు. ఆహార నియంత్రణ సంస్థలు దానిని వద్దనే చెప్పాయి.

ఇంతకూ ఎంత కడిగితే చాలు? పారే నీటి కింద చేతితో రుద్దుతూ అరనిమిషం. గట్టి తొక్క ఉన్నవాటికి కుంచె. ఆకుకూరలకు వెడల్పు గిన్నెలో రెండుమూడు మార్లు కొత్త నీరు. నీటిని వంచక ఆకునే పైకి తీయాలి, అప్పుడు ఇసుక అడుగున నిలుస్తుంది. నిలవ ఉంచే ముందు గాక వాడే ముందు కడగాలి, తడి కుళ్ళును పిలుస్తుంది. ఇంతకుమించి గంటలతరబడి ఉప్పునీటిలో నానబెట్టినా దక్కేది స్వల్పం.

నూటనలభై ఏళ్ళుగా మనకు కడగడం నేర్పినవారున్నారు. పైన అంటుకున్నదే నీటికి లొంగుతుందని, లోపలికి పోయినది లొంగదని ఈ చరిత్ర మనకు చెబుతున్నది. లోపలికి పోకుండా చూడవలసిన చోటు పొలం, కాలువ, ప్రభుత్వ కార్యాలయం. ఆ ముగ్గురి బాధ్యతను ఇల్లాలి రెండు చేతులమీద మోపి, సరిగా కడగలేదని ఆమెనే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆమె అరనిమిషం చేయవలసిన పని చేసినది. మిగిలిన పని మిగిలినవారిది.