పై గదికి వైఫై దారి

జూన్ నెల, శనివారం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పొద్దున తొమ్మిదైతే గుంటూరులో రాత్రి ఏడున్నర. మేడ మీద చివరి గదిలో అమ్మ పిన్నితో వీడియో కాల్‌లో ఉంది. బొమ్మ మళ్లీ ఆగిపోయింది. "వినపడుతోందా? ఒసే, వినపడుతోందా?" అన్న మాటలు కింద హాల్లోకి వినిపిస్తున్నాయి.

మీరు టీవీ వెనకాల నేల మీద కూర్చున్నారు. గోడలోంచి వచ్చిన కోయాక్స్ కేబుల్‌ని మోడెమ్ మర మీద వేళ్లతో బిగిస్తున్నారు. వదులుగా ఉంటే సిగ్నల్ అక్కడే చెడుతుంది. కంపెనీ ఇచ్చిన ఈ పెట్టెలో మోడెమ్, రౌటర్ రెండూ ఉన్నాయి. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి, అందులోని రౌటర్‌ను ఆపాలి. లేకపోతే ఇంట్లో రెండు రౌటర్లు పెత్తనం చేస్తాయి. గదిగదికీ వైఫై చేర్చే మెష్ పెట్టెల్లో మొదటిదాన్ని ఈథర్నెట్ వైరుతో దానికి తగిలించి, మోడెమ్‌ను ఆపి మళ్లీ వేస్తారు. దీపాలు కాసేపు మిణుకుమిణుకుమని నిలకడగా వెలుగుతాయి. ఫోన్లో ఇంటర్నెట్ వచ్చేసింది.

ఇప్పుడు రెండో పెట్టె మీ చేతిలో ఉంది. కాళ్లు నేరుగా అమ్మ గది వైపే నడుస్తాయి. ఆగండి. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రమే. చెరువులో నీళ్లు లేకుండా కాలవ తవ్వితే ఏం పారుతుంది? ఈ పెట్టె తనకు అందినదాన్నే ముందుకు పంపగలదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే గానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 ఎక్కువ దూరం పోతుంది గానీ వేగం తక్కువ. ఫ్రిజ్ ఇనుమూ బాత్రూం అద్దమూ అడ్డం రాకుండా, మెట్లు ఎక్కగానే ఉన్న అలమర మీద పెడతారు. అమ్మ ఫోన్లో పిన్ని ముఖం కదిలింది.

కదిలింది గానీ అప్పుడప్పుడూ ఇంకా తడబడుతోంది. రెండు పెట్టెలూ గాలిలో మాట్లాడుకోవడానికీ, ఫోన్‌కు అందించడానికీ ఒకే రేడియోను పంచుకుంటున్నాయి. అమ్మ మంచం పక్కన గోడకేసి చూడండి. ఎవరూ వాడని కేబుల్ పాయింట్ ఒకటి ఉంది!

కోయాక్స్ తీగ మీదే ఇంటి నెట్‌వర్క్‌ను నడిపే మోకా అడాప్టర్లు కింద ఒకటి, పైన ఒకటి తగిలిస్తారు. మోకా 2.5 అయితే ఆ కోయాక్స్ మీదే సెకనుకు 2500 మెగాబిట్ల దాకా మోస్తుంది. దారిలో కేబుల్‌ను పాయలు చేసే స్ప్లిటర్ 1675 మెగాహెర్ట్జ్ దాకా పంపేదై ఉండాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట చిన్న ఫిల్టర్ బిగిస్తే, మీ సిగ్నల్ పక్కింటికి పోదు. ఇక రెండో పెట్టె మెట్ల దగ్గరే ఉండక్కర్లేదు. తీగ అందింది కాబట్టి అమ్మ గదిలోకే తీసుకెళ్లవచ్చు.

ప్లాన్‌లో ఉన్న వేగాన్ని మెష్ ఒక్క మెగాబిట్ కూడా పెంచదు. కేబుల్‌లో అప్‌లోడ్ సాధారణంగా డౌన్‌లోడ్ కన్నా బాగా తక్కువ, అది అంతే ఉంటుంది. మెష్ చేసేదల్లా వచ్చినదాన్ని వృథా కాకుండా గదిగదికీ చేర్చడమే. అందుకే మూడో పెట్టె కొనే ముందు, మీ గోడల్లో తీగ ఉందేమో ఒకసారి చూడండి.