దొరువు నీళ్ళతో పెంచిన ఇంధనం

ఒకప్పుడు మద్రాసు నగరం వంటచెరకు కోసం ఉత్తరం వైపు చూసేది. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య సన్నగా సాగిన శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లాలోది (ఇప్పుడు తిరుపతి జిల్లా). దీవి నిండా అడవి, ఆ అడవిలో యానాదులు. 1835లో కంపెనీ ప్రభుత్వం దీవిని తన చేతిలోకి తీసుకుంది. అక్కడ కొట్టిన కట్టె పడవలకెక్కి, తర్వాత బకింగ్‌హామ్ కాలువగా పేరుపడిన ఉప్పునీటి కాలువ మీదుగా పట్నం పొయ్యిల్లోకి చేరేది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో లాగేవాళ్ళు. 1971లో అక్కడ మొదటి రాకెట్ ఎగరడానికి వందేళ్ళ ముందు నుంచే శ్రీహరికోట ఇంధనం పంపుతూ ఉంది.

అడవి తరగదన్న ధీమాను చెదరగొట్టింది రైలు. 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా తొలి రైలు నడిచింది. దాని బాయిలర్‌లో మండిందీ కట్టే, పట్టాల కింద పరిచిందీ చెక్కే. అదే ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి అడవుల అధికారిగా డాక్టర్ హ్యూ క్లెగార్న్‌ను నియమించారు. మద్రాసులోనే పుట్టిన వైద్యుడాయన. రైళ్ళ ఆకలి అడవిని ఎలా తినేస్తోందో 1861లో అచ్చయిన తన పుస్తకంలో పట్టికలతో సహా చూపించాడు.

కొట్టేది పెరిగేదాన్ని మించకూడదన్న సూత్రం అప్పటికే పాతది. 1713లో జర్మనీలోని శాక్సనీలో కార్లోవిట్జ్ అనే గనుల అధికారి దాన్ని పుస్తకంగా రాశాడు. వెండి కరిగించే కొలుములకు కట్టె చాలకపోవడం ఆయన బాధ. ఈ ఆలోచన అడవి మీద ప్రేమతో పుట్టలేదనీ, ఆరిపోతున్న కొలుమి పుట్టించిందనీ నాకనిపిస్తుంది. మన తీరంలోనూ అంతే, రైలింజనే చెట్లు నాటించింది.

నాటింది సరుగుడు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల చెట్టు. ఉప్పుగాలికి బెదరదు. వేళ్ళ బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి అందిస్తుంది కాబట్టి వట్టి ఇసుకలో కూడా ఏపుగా పెరుగుతుంది. కట్టె బరువైంది, పచ్చిగా ఉన్నా మండుతుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసుకి ఉత్తరాన, దక్షిణాన ఇసుక నేలల్లో సరుగుడు తోపులు లేచాయి. నెల్లూరు తీరానికి సరుగుడు రూపం వచ్చింది అప్పుడే.

అయితే ఈ చెట్టుకో పేచీ ఉంది. కొట్టేశాక మోడు నుంచి సరిగా చిగురించదు. కోత పడిన ప్రతిసారీ నారు పోసి కొత్తగా నాటాల్సిందే. నాటిన మొక్క మొదటి ఎండాకాలాలు దాటాలంటే నీళ్ళు కావాలి. ఇసుకలో దొరువు తవ్వి, ఊరిన నీటిని కుండలతో మోసి మొక్కమొక్కకీ పోశారు కూలీలు. కట్టె పునరుత్పాదక ఇంధనమని మన పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ పునరుత్పత్తి వెనక దొరువుకీ మొక్కకీ మధ్య నడిచిన కాళ్ళున్నాయి. నాటేవాళ్ళు మానేస్తే సరుగుడు కూడా బొగ్గులాగే అయిపోయే సరుకు.

ఇక్కడ తోపులు లేస్తున్న కాలంలోనే, 1865లో, లండన్‌లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ అర్థశాస్త్రవేత్త బొగ్గు సమస్య మీద ఓ పుస్తకం వేశాడు. బ్రిటన్ బొగ్గు ఒకనాడు ఉన్నట్టుండి నిండుకుంటుందని ఆయన బెదిరించలేదు. పై పొరలు తీసేశాక ఇంకా లోతుకు పోవాలి, లోతుకు పోయేకొద్దీ ఖరీదు పెరుగుతుంది, గని ఖాళీ కాకముందే దేశం చిక్కుల్లో పడుతుందన్నాడు. ఇంజన్లు పొదుపుగా మండితే బొగ్గు వాడకం తగ్గదు, ఇంకా పెరుగుతుందని కూడా అందులోనే రాశాడు. తరిగిపోయే ఇంధనం అన్న మాటకు లెక్కల బలం చేకూర్చింది ఆ పుస్తకమే.

మన దగ్గర 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొరలు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కథ అక్కడి నుంచి అందరికీ తెలిసిందే. ఆ బొగ్గు పాతికకోట్ల ఏళ్ళకు పైబడిన అడవుల శేషం. అది కూడా ఒకనాటి కట్టే, దాన్ని మళ్ళీ నాటే కూలీ మాత్రం లేడు.

మూడో రకం, తరగనిది, ఈ తీరంలో ఏనాటి నుంచో పనిచేస్తోంది. ఇస్కపల్లి, కృష్ణపట్నం ఉప్పుమళ్ళలో సముద్రపు నీటిని ఆవిరి చేసేది ఎండ, గాలి. అదే నీటిని పొయ్యి మీద మరిగించి ఉప్పు తీయాలంటే ఎన్ని తోపులు తగలెయ్యాలో! ఖర్చు లేకుండా వచ్చేది కాబట్టి ఎండను ఇంధనాల పద్దులో ఎవరూ రాయలేదు. రాయాలని చూసినవాడు బొంబాయిలో ఒకడున్నాడు. విలియం ఆడమ్స్ అక్కడ డిప్యూటీ రిజిస్ట్రార్. అద్దాల పలకలను వరసలుగా నిలిపి, ఎండనంతా ఒక బాయిలర్ మీదికి మళ్ళించి, రెండున్నర అశ్వశక్తి పంపును నడిపి చూపించాడు. 1878లో పుస్తకమూ రాశాడు. బొగ్గు చవకగా దొరికే రోజులు, ఎవరికీ పట్టలేదు. సిలికాన్ పలక ఎండ నుంచి నేరుగా పనికొచ్చేంత కరెంటు తీయడానికి 1954 దాకా, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆటుపోట్ల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒక మీటరు, దాంతో టర్బైన్ తిప్పలేం.

కృష్ణపట్నానికి బొగ్గు వచ్చిన తీరు వేరు. ఇక్కడ గనులు లేవు. ఓడలు ఆగే లోతు, యంత్రాలను చల్లార్చే సముద్రపు నీరు ఉన్నాయి. 2008లో రేవు తెరిచాక ముత్తుకూరు, చిల్లకూరు మండలాల్లో థర్మల్ ప్లాంట్లు వరుస కట్టాయి. నేలటూరులో జెన్‌కో వారి దామోదరం సంజీవయ్య కేంద్రం వాటిలో ఒకటి, మూడు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు.

కట్టనిదాని కథే నాకు ఎక్కువ ఆసక్తి. ఇక్కడే తలపెట్టిన 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును 2007 టెండర్లలో రిలయన్స్ పవర్ గెలిచింది. సగటున యూనిట్ 2 రూపాయల 33 పైసలకు ఇస్తామన్నది మాట. బొగ్గు ఇండోనేషియా నుంచి రావాలి. 2010 సెప్టెంబర్‌లో ఆ దేశం తన బొగ్గును ప్రపంచ ధరల కన్నా తక్కువకు అమ్మకూడదని నిబంధన పెట్టింది. ప్రాజెక్టు అక్కడే ఆగిపోయింది. ఇండోనేషియాలో బొగ్గు గుట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ధర మాత్రం అందకుండా పోయింది. జెవన్స్ భయపడింది గనుల లోతు గురించి, ఇక్కడ దెబ్బకొట్టింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ఫలితంలో మాత్రం ఆయన మాటే నెగ్గింది.

ఇప్పుడు మూడింటినీ ఒకే తూకంలో పెట్టి చూద్దాం. 800 మెగావాట్ల యూనిట్ రోజంతా నిండుగా నడిస్తే కోటీ తొంభై రెండు లక్షల యూనిట్లు. యూనిట్‌కి అరకిలో చొప్పున వేసుకున్నా రోజుకి 9,600 టన్నుల బొగ్గు. దీన్ని సరుగుడుతో నడపాలనుకుందాం. కట్టె కూడా బొగ్గంత వేడి ఇస్తుందనీ, ఎకరాకి నలభై టన్నులు వస్తుందనీ ఉదారంగా అనుకున్నా రోజుకి 240 ఎకరాల తోపు కొట్టాలి. తోపు నాలుగేళ్ళకు కోతకొస్తుందంటే మొత్తం మూడున్నర లక్షల ఎకరాలు, అదీ ఒక్క యూనిట్‌కి. అంతే కరెంటు సోలార్ పలకల నుంచి కావాలంటే దాదాపు ఇరవై వేల ఎకరాలు సరిపోతాయి. చెట్టు ఎండలో ఒక శాతం కూడా కట్టెగా దాచుకోలేదు, పలక ఐదో వంతు దాకా కరెంటుగా మారుస్తుంది. కానీ చెట్టు దాచుకుంటుంది, పలక దాచుకోదు.

ఆ తేడా ఎంతటిదో రొయ్యల రైతుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పగలు గుంటలోని నాచు ఎండ తాగి నీళ్ళలోకి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక ఆ పని ఆగిపోతుంది. నాచూ రొయ్యా కలిసి, ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటూ పోతే తెల్లవారుజాముకి అది అడుగంటుతుంది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువగా తిరగాల్సింది ఆ గంటల్లోనే, అంటే సోలార్ పలకలు ఉత్త అద్దాలుగా మిగిలే గంటల్లో. అందుకే గట్టు మీద డీజిల్ జనరేటర్ పెట్టుకుంటారు. కరెంటు పోయి, అరగంట ఆలస్యంగా జనరేటర్ మొదలైతే పంట మొత్తం తేలిపోవచ్చు. ఎండ ఎన్ని కోట్ల ఏళ్ళు ఉంటుందో ఆ రైతుకి చెప్పి లాభం లేదు. మధ్యాహ్నపు ఎండను తెల్లవారుజాము మూడింటిదాకా దాచిపెట్టే బ్యాటరీ యూనిట్‌కి ఎంత పడుతుందో చెబితే, డీజిల్ లెక్కతో పోల్చి చూసుకుంటాడు.