భద్రాచలం పిల్లల ఫారాల మీద సంతకం ఎవరిది?



హాస్టల్లో చదివే మనకు వార్డెన్ సంతకం కొత్తేం కాదు. ఔట్‌పాస్ మీద, స్కాలర్‌షిప్ ఫారం మీద అదే కదా ఉండేది. ఆ సంతకం ఒకసారి ఎంత దూరం పోయిందో మనలో చాలామందికి తెలీదు. అప్పటికి మనం చిన్నపిల్లలం.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. మనిషికి 3 డోసులు, దాదాపు 14 వేల మంది పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో ఉండే మన పిల్లలు కూడా అందులో ఉన్నారు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, తోడుగా ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. గుజరాత్‌లోని వడోదరలో కూడా వేరే కంపెనీ టీకాతో ఇదే పని చేశారు.

రెండు రాష్ట్రాల్లో కలిపి 7గురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పాముకాటు, నీళ్లలో మునగడం లాంటివే కారణాలని, టీకాకు సంబంధం లేదని ప్రభుత్వ విచారణ చెప్పింది. టీకా వల్లే చనిపోయారని మేం అనడం లేదు. ఇవాళ చాలా దేశాల్లో ఆ టీకా వేస్తున్నారు, దానికి భయపడమని కూడా చెప్పడం లేదు. మా గొడవంతా సంతకం గురించే.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. వేలిముద్ర వేయడం తప్పు కాదు, మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ వేస్తారు. ముద్ర వేయించుకునే ముందు ఎవరైనా చదివి వినిపించారా? వినిపిస్తే ఏ భాషలో? కోయ మాట్లాడే అవ్వకు తెలుగు కాగితం చదివినా సగమే అర్థమవుతుంది.

ఇది ప్రయోగం కాదు, ప్రదర్శన ప్రాజెక్టు మాత్రమే అన్నది ఆ సంస్థ వాదన. సంఘం ఒప్పుకోలేదు. పేరు మారిస్తే నియమాలు తప్పించుకోవచ్చు మరి.

ఇప్పుడు 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఉన్నాయి. క్యాన్సర్ మందు ప్రయోగమైనా, ఇంకేదైనా, అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువురాని వాళ్లకైతే ఆ ప్రయోగంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎప్పుడంటే అప్పుడు బయటికి రావచ్చు, దానికి వైద్యం ఆపకూడదు.

ఆ రోజు టీకా వేయించుకున్న అక్కలు ఇప్పుడు ముప్పై దగ్గర పడి ఉంటారు. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, వాళ్లకు ఇష్టమైతేనే అడగండి, ఆ ఫారం మీద సంతకం ఎవరు పెట్టారో గుర్తుందా అని. పేర్లు లేకుండా గ్రూపులో రాయండి.