బిడారు ఆగిన చోటే ఊరు

పడమటి దారిలో బండ్లు కట్టుకుని పోయినవాళ్ల కథను హాలీవుడ్ సినిమాగా తీసింది. మన దక్కన్‌ను ఎడ్ల మీద మోసిన లంబాడీ బిడారుల కథ మాత్రం నల్లగొండ, పాలమూరు తండాల్లో ఇంకా చెప్పేవాళ్ల కోసం ఎదురుచూస్తోంది.

కొండ అంచున తాళ్లు బిగుసుకున్నాయి. బండ్లను, పశువులను, మనుషులను ఒక్కొక్కరినే లోయలోకి దింపుతున్నారు. చివరగా దళనాయకుడు దిగుతుంటే, అతని తీర్పుతో భర్తను పోగొట్టుకున్న ఒక యువతి వచ్చి తాడు కోసేస్తుంది. 1967లో వచ్చిన ‘ది వే వెస్ట్’ సినిమాలో ఆఖరి ఘట్టం ఇది. 1843లో మిస్సోరీలోని ఇండిపెండెన్స్ పట్నం నుంచి ఓరెగాన్‌కు బయల్దేరిన బండ్ల బారు కథ. కిర్క్ డగ్లస్, రాబర్ట్ మిచమ్, రిచర్డ్ విడ్‌మార్క్ ముగ్గురూ ఉన్నారు. ఆధారమైన ఎ.బి. గుత్రీ నవలకు 1950లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇన్ని ఉన్నా సినిమా చూసి లేచినప్పుడు నాకు మనసు నిండలేదు.

ఎందుకని ఆలోచిస్తే కారణం తేలిగ్గానే దొరికింది. నాయకుడి అహంకారం ఉంది, పంతాలున్నాయి, ప్రేమ తగవులున్నాయి. ప్రయాణం మాత్రం లేదు. ఒక్కో బండిలో ఎంత పిండి వేసుకున్నారు, మధ్యాహ్నానికి నీళ్లు ఎక్కడ దొరికాయి, గడ్డి లేని చోట పశువులను ఎలా బతికించుకున్నారు, తెల్లవారుజామున ఎవరు ముందు లేచి పొయ్యి రాజేశారు? ఇవేవీ ఆ సినిమా పట్టించుకోలేదు. 1840ల నుంచి 1869లో ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తయ్యేదాకా మూడు నాలుగు లక్షల మంది 3,200 కిలోమీటర్ల ఆ దారిన నడిచారు. ఆ బండ్లను ఎక్కువగా లాగినవి ఎడ్లే. వెస్టర్న్ సినిమాల్లో మనకు గుర్తుండిపోయేది మాత్రం గుర్రం.

ఎడ్లనగానే నా మనసు దేవరకొండ దారి పట్టింది. దేవరకొండ నుంచి డిండి మీదుగా అచ్చంపేట, అమ్రాబాద్ వైపు వెళ్తుంటే దారికి అటూ ఇటూ లంబాడీ తండాల పేర్లున్న బోర్డులు వరసగా కనిపిస్తాయి. అవన్నీ ఒకప్పుడు నడిచిన ఊళ్లు. తండా అంటే నేడు మనకు గుడిసెలో, డాబాలో ఉన్న పల్లె. మూడు వందల ఏళ్ల కింద తండా అంటే కదిలే బిడారు. నడకకు పెట్టుకున్న పేరు నిలిచిన ఇంటికి పేరైంది. ఈ జనం చరిత్రంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఎద్దు మీద రాజ్యం

లంబాడీలు తమను తాము గోర్ అని చెప్పుకుంటారు. వాళ్ల గోర్ బోలికి సొంత లిపి లేదు, రాజస్థానీ భాషలతో చుట్టరికం ఉంది. లంబాడీ అన్న పేరు లవణం నుంచి వచ్చిందని, బంజారా అన్నది వాణిజ్యం నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. ఉప్పు, వ్యాపారం రెండూ వాళ్ల బతుకే కాబట్టి ఆ మాటలు వాళ్లకు అతికాయి. మొగలు సైన్యాలు దక్కన్ మీదికి దిగిన 17వ శతాబ్దంలో, ఆ సైన్యాల వెంట ధాన్యం మోస్తూ పెద్ద పెద్ద తండాలు దక్షిణానికి వచ్చాయి.

ఎంత పెద్దవి? 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లిష్ వర్తకుడికి ఉత్తరాదిన ఒక తండా ఎదురైంది. అందులో 14,000 ఎడ్లు ఉన్నాయని, ఒక్కో ఎద్దు మీద నాలుగు పెద్ద మణుగుల ధాన్యం ఉందని రాసుకున్నాడు. గోల్కొండ వజ్రాల కోసం మన వైపు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావర్నియే పది పన్నెండు వేల ఎడ్ల బారుల గురించి చెప్పాడు. ఇరుకు దారిలో అలాంటి బారు ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట.

ఆయన చెప్పిన మరో సంగతి నన్ను కట్టిపడేసింది. ఈ బిడారులవాళ్లు నాలుగు తెగలుగా ఉండేవారట. ఒకరు గోధుమల వంటి ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు. ఒకరి సరుకు మరొకరు ముట్టరు. ధాన్యం మోసేవాళ్లు తమ గింజలనే నుదుట బొట్టులా అతికించుకునేవారు. ఉప్పు మోసేవాళ్లు మెడలో ఉప్పుగడ్డ వేసిన సంచి వేలాడదీసుకునేవారు. సంచి ఎంత బరువుంటే అంత గౌరవం. మోసే సరుకునే ఒంటి మీద గుర్తుగా పెట్టుకున్న మనుషులు వాళ్లు. సినిమా తీసేవాడికి ఇంతకన్నా గొప్ప దృశ్యం ఏం కావాలి?

హటాడియా పడుకున్న చోట

సరుకు మూటలు మోసే పెరికెడ్ల బారు రోజుకు ఆరు నుంచి ఎనిమిది మైళ్లు నడిచేది. అంతకు మించి తోలితే ఎడ్లు మేయలేవు. దారి పొడవునా ఉన్న గడ్డే వాటి మేత కాబట్టి దాణా ఖర్చు ఉండదు. నెమ్మదిగా నడవడంలోనే వాళ్ల లాభముంది. అందుకే ఉప్పు, ధాన్యం లాంటి చవక సరుకులను కూడా వందల మైళ్లు మోసి అమ్మగలిగారు. బందరు రేవు నుంచి గోల్కొండ, హైదరాబాదులకు వెళ్లే పాత దారి నల్లగొండ సీమ మీదుగానే సాగేది. సముద్రం ఎన్నడూ చూడని మెట్ట పల్లెల కుండల్లోకి ఉప్పు చేరింది ఎద్దు వీపు మీదే.

బారుకు ముందు ఒక ఎద్దు నడిచేది. దాన్ని హటాడియా అనేవారు. దాని మీద ఎన్నడూ బరువు వేయరు. ఎర్రటి పట్టు పేలికలు, గజ్జెలు, మెడకు ఇత్తడి గొలుసులు, గవ్వల పేరులు, పట్టు కుచ్చులు కట్టి దేవుడి ఎద్దుగా చూసుకునేవారు. ఒంట్లో బాగోలేకపోతే దాని కాళ్ల దగ్గరికి వెళ్లి మొక్కేవారు. అది అలసి ఎక్కడ పడుకుంటే ఆ రోజుకు అక్కడే మజిలీ. తండా పెద్ద అయిన నాయక్ మాట కన్నా దాని అలసటే పెద్ద ఆజ్ఞ. పెరికెలు దించి వరసలుగా పేర్చి, ఎడ్లను కట్టేసి, కుక్కలను కాపలా ఉంచి, ఆడవాళ్లు పొయ్యిలు వెలిగించేవారు.

షాజహాన్ కాలంలో మంత్రి ఆసఫ్ ఖాన్ భంగీ, జంగీ అనే ఇద్దరు నాయక్‌లకు బంగారు అక్షరాల రాగిరేకు ఇచ్చాడని లంబాడీలు తరతరాలుగా చెప్పుకుంటారు. వాళ్ల మందలో 1,80,000 ఎడ్లు ఉండేవట. ఇళ్ల ముందున్న కాగుల్లో నీళ్లు తాగొచ్చు, కప్పు మీద గడ్డి పశువులకు వేయొచ్చు, రోజుకు మూడు హత్యల దాకా క్షమాపణ ఉంటుందని అందులో రాసి ఉందంటారు. ఆ రేకు సంగతి ఎలా ఉన్నా, అది ఇచ్చిన హక్కులేమిటో చూడండి. ముందు నీళ్లు, ఆ తర్వాత గడ్డి. బిడారు బతికేది ఆ రెండింటి మీదే.

రైలు కూత

1791లో కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లినప్పుడు, 1803లో ఆర్థర్ వెల్లెస్లీ మరాఠాలతో పోరాడినప్పుడు సైన్యాలకు తిండి అందించినవాళ్లలో బంజారాలు ముఖ్యులు. తుపాకులు పేల్చినవాళ్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. గింజలు మోసినవాళ్లు ఎక్కలేదు.

అమెరికాలో ఖండం దాటే రైలు వచ్చిన ఐదేళ్లకు, 1874లో వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. ఎద్దు మీద నెలలు పట్టే ఉప్పు రోజుల్లో దిగింది. ఆంగ్లేయ ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం బిగించింది. అక్కడ బండ్ల బారును ఆపిన రైలే ఇక్కడ ఎడ్ల బారునూ ఆపింది. అయితే అక్కడ దారి చివర భూమి దొరికింది, ఆ భూమి అప్పటికే ఉన్న స్థానిక జాతులదైనా సరే. ఇక్కడ దారి ఆగిపోయాక మిగిలింది అనుమానం. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం, దాని అడుగుజాడల్లో వచ్చిన నిబంధనలు దేశంలో చాలాచోట్ల లంబాడీలతో సహా ఎన్నో సంచార సమూహాల మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశాయి. తరతరాలుగా ఊరూరికీ ఉప్పు అందించినవాళ్లకు దక్కిన మర్యాద అది. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

ఈలోగా లంబాడీలు ఎడ్లు అమ్ముకుని, అడవి అంచుల్లో బీడు నరికి, రాళ్లు ఏరి సేద్యం మొదలుపెట్టారు. ఆ నేలను భూస్వాములైన దేశ్‌ముఖ్‌లు లాక్కోబోతే తిరగబడ్డారు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా ధర్మాపురంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద లంబాడీలు చేసిన భూపోరాటం తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో ఒక మైలురాయి. లంబాడీ నాయకుడు ఠాణు నాయక్ ప్రాణమిచ్చింది ఆ సాయుధ పోరాటంలోనే. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి.

మిగిలిన జాడలు

బిడారు పోయినా దాని జాడ చెరిగిపోలేదు. శ్రావణంలో తీజ్ పండగకు పెళ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజు పాటలు పాడుతూ చెరువులో కలుపుతారు. గోధుమ పెద్దగా పండని ఈ మెట్టలో గోధుమ మొలకకు పూజ! ఎక్కడో వదిలి వచ్చిన నేలను చేతిలో పట్టేంత బుట్టలో మళ్లీ మొలిపించుకుంటున్నారనిపిస్తుంది. సీత్లా పండగకు ఏడు రాళ్లు నిలిపి మొక్కేది పశువుల క్షేమం కోసమే. అమ్రాబాద్ వైపు లంబాడీలు పెంచే పొడ తూర్పు పశువులకు దేశీ జాతిగా జాతీయ గుర్తింపు వచ్చింది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలున్న ఆ గిత్తల కోసం కురుమూర్తి జాతరకు రైతులు వెతుక్కుంటూ వస్తారు.

మళ్లీ సినిమా సంగతికొస్తే, 1971లో మన తెలుగువాళ్లూ కౌబాయ్ సినిమా తీశారు. ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం కృష్ణ బృందం రాజస్థాన్ ఎడారి దాకా వెళ్లింది. ఆ సాహసం మీద నాకు గౌరవం ఉంది. అయితే గోర్ జనం తమ పూర్వీకుల నేలగా చెప్పుకునేది ఆ రాజస్థాన్‌నే. అక్కడి నుంచి ఎడ్ల వెంట నడిచి వచ్చిన నిజమైన బిడారు కథ మన దేవరకొండలోనే ఉంది. మన తెర మీదికి లంబాడీ స్త్రీ ఎక్కువగా అద్దాల రైకతో పాటలో ఆడి వెళ్లిపోవడానికే వచ్చింది. ఆ రైక కుట్టిన చేతులు పెరికెలు ఎత్తిన చేతులని ఎవరూ చెప్పలేదు.

ఆ కథ ఎవరైనా తీస్తే, రాస్తే, నాయకుల పంతాలతో మొదలుపెట్టొద్దని నా మనవి. నీళ్లతో, గడ్డితో, మెడలో వేలాడే ఉప్పుగడ్డతో మొదలుపెట్టండి. గోర్ బోలిలో ఆ పాటలు వచ్చిన పెద్దలు ఇంకా తండాల్లో ఉన్నారు. వాళ్లు ఉండగానే వెళ్లి పక్కన కూర్చుని వినండి. ఈసారి దేవరకొండ దారిలో తండా బోర్డు కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. గజ్జెలు కట్టుకున్న ఒక ఎద్దు ఒక సాయంత్రం అక్కడే ఎక్కడో అలసి పడుకుని ఉంటుంది.