ప్రోగ్రాముల్లో ముడులు, కొలతలు



మన సరిహద్దు జిల్లాల పిల్లలు ఎందరో బెంగళూరు, చెన్నై, పుణె కంపెనీల్లో కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తున్నారు. కొత్తది రాయడంకన్నా పాతదాన్ని మార్చడమే కష్టమంటారు వాళ్లు. ఆ కష్టాన్ని కొలవాలన్న ప్రయత్నానికి యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సమావేశంలో నిపుణులు ఈ సంకటాన్ని చర్చించారు. ప్రోగ్రాములు గడువుకు పూర్తికావడం లేదు, ఖర్చు మించిపోతోంది, తప్పులు మిగిలిపోతున్నాయి. పంక్తులు లెక్కపెడితే పరిమాణం తెలుస్తుంది గాని చిక్కు తెలియదు.

1974లో స్టీవెన్స్, మయర్స్, కాన్‌స్టంటైన్ అనే ముగ్గురు ఒక వ్యాసంలో రెండు ప్రశ్నలు వేశారు. ఒక భాగం ఇతర భాగాలమీద ఎంత ఆధారపడుతోంది? ఒక భాగంలోని పనులు తమలో తాము ఎంత పొసగుతున్నాయి? మొదటిది తక్కువగా, రెండోది ఎక్కువగా ఉండాలన్నారు.

1976లో థామస్ మెకేబ్ ఒక అంకె ఇచ్చాడు. ప్రోగ్రాము 'అవునా, కాదా' అని ఎన్నిచోట్ల దారి చీలుతుందో లెక్కపెట్టి ఒకటి కలపాలి. మూడు చీలికలుంటే నాలుగు. పది దాటితే విడదీయడం మంచిదన్నాడు.

తరువాత క్లాసుల పద్ధతి వ్యాపించింది. ఇక్కడ క్లాసంటే బడిలో తరగతి కాదు. కొంత సమాచారాన్ని, దానితో చేసే పనులను ఒకచోట కట్టిన మూట. 1994లో శ్యామ్ చిదంబర్, క్రిస్ కెమరర్ ఈ క్లాసులకు ఆరు కొలతలు ప్రతిపాదించారు. ఒక క్లాసు ఎన్ని ఇతర క్లాసులతో ముడిపడిందన్నది వాటిలో ఒకటి. వంశవృక్షంలో అది ఎన్నో తరానిదన్నది మరొకటి. ముడులు ఎక్కువైతే ఒకచోట మార్పు పదిచోట్ల తగులుతుంది.

2016 మార్చిలో ఇది లోకానికి తెలిసివచ్చింది. 'లెఫ్ట్ ప్యాడ్' అనే పదకొండు పంక్తుల ముక్కను దాని రచయిత అందరూ వాడుకునే భాండాగారం నుంచి తీసివేశాడు. దానిమీద నేరుగానో, పరోక్షంగానో ఆధారపడిన వేలాది ప్రాజెక్టులకు ఆటంకం కలిగింది. కొన్ని గంటల్లో దాన్ని తిరిగి పెట్టారు. ఆ ముక్కను పంక్తులతో కొలిస్తే అల్పం, మెకేబ్ లెక్కలోనూ చిన్నదే. దాని బరువంతా దానిమీద ఆనుకున్నవాళ్లలో ఉంది.

అంకెను మెప్పించడం సులభం. పది దాటకూడదని ఒక ముక్కను రెండుగా నరికితే చిక్కు లెక్క తగ్గుతుంది, ఆధారం ఒకటి పెరుగుతుంది. మార్కు చూసి ఊరుకోకుండా జవాబు పత్రం తిరగేసే ఉపాధ్యాయుడిలా, కొలత చూపిన చోట ప్రోగ్రామును చదవాలి. ఎక్కడ చదవాలో చెప్పడమే కొలత పని.