జేబులో పట్టే తుపాకి

అమెరికా అంటే పుట్టినప్పటి నుంచీ నడుముకు తుపాకి కట్టుకు తిరిగిన దేశమని మా ఊరు చిట్కుల్‌లో అందరి నమ్మకం. 1971లో కృష్ణ గుర్రమెక్కిన ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసి పెరిగిన ఊళ్లల్లో ఇంకో రకంగా అనుకోవడం కష్టమే. టెక్సాస్‌లో స్థిరపడి ఇక్కడి చరిత్ర చదవడం మొదలుపెట్టాక కథ తలకిందులైంది. తుపాకి మీద నిషేధం ఉన్నది ఆ కౌబాయ్‌ల ఊళ్లల్లోనే. అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో 1881 అక్టోబర్ 26న జరిగిన ఓకే కొరాల్ కాల్పులు ఎన్నో సినిమాలకెక్కాయి కదా, ఆ రోజు గొడవకు సాకు ఊళ్లో ఆయుధాలు పట్టుకు తిరగరాదన్న మునిసిపల్ నిబంధనే. ఊళ్లోకి వచ్చినవాడు తుపాకి అప్పగించి, పోయేటప్పుడు తీసుకుపోవాలి. ఇప్పుడేమో డాలస్ శివార్లలో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుండే మా కాలనీలో, ఇరవై ఒక్కేళ్లు నిండి చట్టం అడ్డుచెప్పని మనిషి ఎవరైనా లైసెన్సు లేకుండానే చొక్కా కింద పిస్తోలు పెట్టుకుని కిరాణా కొట్టుకు పోవచ్చు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ఇదే చట్టం.

“మామా, రోజూ జేబుల పెట్టుకునేటందుకు అక్కడ ఏ గన్ను కొంటరు?” అని మా మేనల్లుడు ఫోన్లో అడుగుతుంటాడు. వాడికి మోడల్ పేరు చెబితే సరిపోతుంది. కానీ ఆ మోడల్ ఆ సైజులోనే ఎందుకుందో చెప్పాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి పోవాలి. ఇక్కడి చిన్న తుపాకి కొలతలు ఇంజనీరు ఎంత గీశాడో, చట్టం రాసినవాళ్లూ అంతే గీశారు.

ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే పనివాడు అరచేతిలో ఇమిడే పిస్తోళ్లు చేసేవాడు. ఒకటే తూటా. 1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో జాన్ విల్క్స్ బూత్ లింకన్‌ను కాల్చింది దానితోనే. దాచుకునే తుపాకి అంటే హంతకుల సరుకు, పేకాటరాయుళ్ల సరుకు అన్న పేరు ఆనాటి అమెరికాలో గట్టిగా ఉండేది. అందరికీ కనబడేలా పట్టుకున్నవాడు మగాడు, చాటుగా పెట్టుకున్నవాడు పిరికివాడు. టెక్సాస్ 1871లోనే పిస్తోలు వెంట పెట్టుకు తిరగడాన్ని నేరం చేసింది. ప్రయాణికులకూ ప్రాణభయం ఉన్నవాళ్లకూ మాత్రం మినహాయింపు. టెనెసీ 1879లో ఇంకో అడుగు వేసింది: సైన్యం, నౌకాదళం వాడే పెద్ద రివాల్వర్లు తప్ప చిన్న పిస్తోళ్లు అమ్మనే కూడదంది. పైకి చెప్పింది శాంతిభద్రతల మాట. అయితే ఆ పెద్ద రివాల్వర్లు ఖరీదైనవి. బానిసత్వం నుంచి అప్పుడప్పుడే బయటపడ్డ నల్లజాతి కూలీకి అందేది చౌక పిస్తోలే, అదే బజార్లో లేకుండా పోయింది. చరిత్రకారుల్లో కొందరు దీన్నే అసలు ఉద్దేశమంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఆ తర్వాత నగరాలు పెరిగాయి. గుర్రం పోయి ట్రామ్ వచ్చింది, నడుము బెల్టు మీదికి కోటు వచ్చింది. యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో పుట్టిన జాన్ బ్రౌనింగ్ గీసిన పలచని పిస్తోళ్లు ఆ కోటు జేబు కోసమే. కోల్ట్ కంపెనీ 1903లో ఒకటి, 1908లో ఇంకా చిన్నది తెచ్చింది. న్యూయార్క్ 1911లో సల్లివన్ చట్టం తెచ్చి, దాచుకోదగ్గ తుపాకి ఏదైనా సరే పోలీసుల అనుమతి కావాలంది. ప్రత్యేకమైన అవసరం చూపితే తప్ప బయటికి తీసుకుపోనివ్వని అక్కడి పద్ధతిని సుప్రీం కోర్టు 2022 జూన్‌లో గానీ కొట్టెయ్యలేదు.

రివాల్వర్ల సంగతి కాస్త నిలబడి చూడాలి, ఎంపిక అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. కోల్ట్ 1927లో తెచ్చిన డిటెక్టివ్ స్పెషల్‌లో ఆరు తూటాలు పడతాయి. స్మిత్ అండ్ వెసన్ 1950లో తెచ్చిన చీఫ్స్ స్పెషల్‌లో అయిదే. ఒక తూటా తగ్గిస్తే తూటాలు కూర్చే చక్రం సన్నబడుతుంది, చొక్కా కింద ఉబ్బు కనబడదు. ఆ ఒక్క తూటా వదులుకోవాలా వద్దా అన్న వాదన డెబ్బయి ఏళ్లు దాటినా ఇక్కడ ఇంకా తెగలేదు. మన దగ్గర బైకు మైలేజీ గురించి టీ కొట్టు ముందు వాదించుకున్నంత ఇష్టంగా వాదించుకుంటారు.

చట్టం నేరుగా ఇంజనీరు చెయ్యి పట్టుకున్నది 1968లో. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ ఆ ఏడాదే హత్యకు గురయ్యారు. అప్పుడు వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం కింద, దిగుమతయ్యే పిస్తోళ్లకు సైజును బట్టి, బరువును బట్టి మార్కులు వేయడం మొదలైంది. జేమ్స్ బాండ్ చేతిలో చూసిన వాల్తర్ పీపీకే పిడి ఆ లెక్కకు కొద్దిగా పొట్టిదై పరీక్ష తప్పింది. కంపెనీ ఏం చేసింది? తన పెద్ద మోడల్ పీపీ చట్రం మీద పీపీకే పైభాగం బిగించి, పీపీకే/ఎస్ అని పేరు పెట్టి పంపింది. ఆ తుపాకి అమెరికా చట్టం కోసమే పుట్టింది. ఆ మార్కులు దిగుమతులకే గానీ స్థానిక తయారీకి లేవు కాబట్టి, దేశంలోనే చౌకబారు బుల్లి పిస్తోళ్లు చేసేవాళ్లకు బజారు ఖాళీగా దొరికింది. చట్టం ఒక తలుపు మూస్తే సరుకు ఇంకో తలుపులోంచి వచ్చింది.

టెక్సాస్ మనసు మార్చింది ఒక మధ్యాహ్న భోజనం. 1991 అక్టోబర్ 16న కిలీన్ పట్టణంలో లూబీస్ అనే హోటల్ ముందు అద్దాలను ట్రక్కుతో గుద్దుకుని లోపలికొచ్చినవాడు 23 మందిని చంపాడు. అక్కడ తల్లిదండ్రులతో భోజనానికొచ్చిన సుజానా హప్ చేతిసంచి వెతుక్కుంటే రివాల్వర్ లేదు. చట్టానికి భయపడి కారులోనే ఉంచుకునేది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఆమె కిటికీలోంచి బయటపడి, ఊరూరా తిరిగి ఆ మాటే చెప్పింది, తర్వాత శాసనసభకూ ఎన్నికైంది. 1995లో గవర్నర్ జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకంతో, లైసెన్సు ఉంటే తుపాకి చాటుగా పెట్టుకోవచ్చన్న చట్టం వచ్చింది. 1871లో నేరమైనది నూట ఇరవై నాలుగేళ్లకు హక్కయింది. ఆమె దుఃఖంతో ఎవరికీ పేచీ లేదు. కానీ ఆ గందరగోళంలో ఆ రివాల్వర్ చేతిలో ఉంటే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు, చట్టం మాత్రం ఆ ఊహ మీదే నిలబడింది.

దానికి ఏడాది ముందు, 1994లో, కేంద్రం ఇంకో చట్టంలో కొత్త మ్యాగజైన్లకు, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెలకు, పది తూటాల పరిమితి పెట్టింది. పది తూటాలకే పొడుగు పిడి దేనికని ఆస్ట్రియాకు చెందిన గ్లాక్ కంపెనీ పిడి కోసి గ్లాక్ 26ను తెచ్చింది. పరిమితి 2004లో గడువు తీరి పోయింది, పొట్టి పిడి మాత్రం పోలేదు. 2018లో సిగ్ కంపెనీ పిస్తోలు పీ365 వచ్చి, అరకిలో బరువులో, దాదాపు అంగుళం మందంలో పది తూటాలు కుక్కింది. ఇప్పుడు దుకాణంలో అద్దాల వెనక వరసగా కనబడేవి దాని అన్నదమ్ములే.

మా తెలుగువాళ్ల కూడికల్లో ఈ మాట గట్టిగా మొదలైంది 2017 ఫిబ్రవరి 22 తర్వాత. కాన్సస్ రాష్ట్రం ఒలాతేలో శ్రీనివాస్ కూచిభొట్లను బార్‌లో కాల్చి చంపారు. భయం నిజమైనదే. అయితే దుకాణానికి పోయిన కొత్తవాళ్లు అందరికన్నా చిన్నదాని మీదే చెయ్యి వేస్తారు. చిన్నదైతే వాడటం తేలికనుకుంటారు, విషయం తిరగబడి ఉంటుంది. తుపాకి ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుంది. గొట్టం ఎంత పొట్టిదైతే గురి అంత తేలికగా తప్పుతుంది. ఇక్కడి శిక్షకులు, దాచుకోగలిగినంతలో పెద్దదే తీసుకోమంటారు. గురి కుదిరేదాకా సాధన చెయ్యమంటారు. ట్రిగ్గర్ పూర్తిగా మూసే ఒర కొనమంటారు. తుపాకి కన్నా ముందు తాళం పెట్టె కొనమని నేనంటాను. నిర్లక్ష్యంగా వదిలేసిన, తూటా ఎక్కించిన తుపాకి పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందితే టెక్సాస్‌లో అదే ఒక నేరం. 2021లో ఈ దేశంలో తుపాకి మరణాలు 48 వేలు దాటాయి, అందులో 26 వేలకు పైగా ఆత్మహత్యలు. వీధిలో దొంగ కోసం కొన్నది ఇంట్లోవాళ్ల మీదికే ఎక్కువగా వస్తోందన్న మాట.

మన వైపు చూస్తే ఇంకో వింత. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి యుద్ధ శకటాలు తయారవుతాయి. భానూరులో భారత్ డైనమిక్స్ క్షిపణులు చేస్తుంది. ఆ షిఫ్టులకు పోయివచ్చేవాళ్ల ఇళ్లల్లో కత్తిపీటను మించిన ఆయుధం ఉండదు. 1959 ఆయుధాల చట్టం కింద ఆత్మరక్షణకు లైసెన్సు కావాలంటే ప్రాణహాని ఉందని పోలీసు విచారణలో తేలాలి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం తూటా పౌరుడికి నిషేధం. అందుకే మన దగ్గర లైసెన్సు రివాల్వర్ అంటే ఎక్కువగా .32 బోరే. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2014లో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం మహిళల కోసమని తెచ్చిన అరకిలో ‘నిర్భీక్’ కూడా .32 బోరే, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైమాట. ఆ ధర పెట్టగల మహిళకు ఆటోలో రాత్రి ప్రయాణం చేసే అవసరం ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి.

పిల్లల్ని ఇక్కడికి పంపేవాళ్లకు ఒక్క సంగతి తప్పకుండా చెప్పాలి. ఎఫ్1, హెచ్1బీ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండటం కేంద్ర చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకున్నా కలిగి ఉన్నట్టే. వారాంతంలో అక్కడ దిగిన ఫొటో సరదాగా ఇంటికి పంపే కుర్రాళ్లలో చాలామందికి ఇది తెలియదు. చట్టంలో మినహాయింపు మాత్రం ఉంది: ఏదో ఒక రాష్ట్రంలో వేట లైసెన్సు తీసుకుంటే చాలు. ఆ లైసెన్సు చాలాచోట్ల ఆన్‌లైన్లోనే దొరుకుతుంది. 2024 నవంబర్‌లో అట్లాంటాలో, హైదరాబాద్ ఉప్పల్‌కు చెందిన విద్యార్థి ఒకరు తన పుట్టినరోజున, వేట కోసం కొన్న తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. అక్కడ విద్యార్థులకు తుపాకి లైసెన్సు ఇస్తారని తనకు తెలియదని తండ్రి అన్నట్టు పత్రికల్లో వచ్చింది. ఇస్తారు, జింకల వేట పేరు మీద.